ఒప్పేసుకో, ఫైన్ కట్టేద్దాం అంటే వినొద్దు

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచీ మీ బావమరిది గురించే ఆలోచిస్తున్నాను. క్యాబ్ మీదే ఇల్లు గడిచేవాడికి ర్యాష్ డ్రైవింగ్ కేసంటే ఎంత టెన్షనో నాకు తెలుసు. మా తమ్ముడి కేసు పనిమీద నేనూ క్రిమినల్ కోర్టు చుట్టూ తిరుగుతున్నాను కదా. ఫోన్‌లో నాలుగు ముక్కల్లో చెప్పే విషయం కాదని తీరిగ్గా రాస్తున్నాను. అతనికి చదివి వినిపించు.

"ఒప్పేసుకో, వెయ్యి రూపాయల ఫైన్‌తో పోతుంది" అని ఎవరో అన్నారని రాశావు చూడు, ఆ మాట మాత్రం విననివ్వకు. స్టేషన్ బయట టీ కొట్టు దగ్గర ఒకాయన మా వాడికీ ఇదే చెప్పాడు. ఆ వెయ్యి సంగతి సగం నిజం. ర్యాష్ డ్రైవింగ్‌కి పాత ఐపీసీ 279 స్థానంలో 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహిత 281 వచ్చింది. దాని కింద 6 నెలల వరకు జైలు, లేదా 1,000 వరకు జరిమానా, లేదా రెండూ. కానీ ఎవరికైనా దెబ్బ తగిలితే అదే సంహితలోని 125 కూడా పెడతారు. ఎముక విరిగితే చట్టం దాన్ని తీవ్ర గాయంగా చూస్తుంది. అప్పుడు 3 ఏళ్ల వరకు జైలు, లేదా 10,000 వరకు జరిమానా, లేదా రెండూ. ప్రమాదకరంగా బండి నడిపినందుకు మోటారు వాహనాల చట్టం 184 వేరే. పైగా ఒప్పుకుంటే నేరం రుజువైనట్టే రికార్డులో ఉండిపోతుంది. రేపు గాయపడ్డవాళ్లు నష్టపరిహారం కోసం ట్రిబ్యునల్‌కి వెళ్తే అక్కడా ఆ ఒప్పుకోలు చూపిస్తారు. ఫైన్ కట్టినంత మాత్రాన అయిపోయే వ్యవహారం కాదురా ఇది.

మా తమ్ముడి ప్రమాదం హైదరాబాద్ అత్తాపూర్‌లో, ఎక్స్‌ప్రెస్‌వే కింద. వాన పడుతోంది, పక్క సందులోంచి స్కూటర్ వచ్చింది. పెద్దాయన కింద పడి మణికట్టు విరిగింది. తమ్ముడు ఆయన్ని తన కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్లి, పోలీసులకు తనే ఫోన్ చేశాడు. లాయరమ్మ మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న కూడా అదే: "దెబ్బ తగిలినాయన్ని వదిలేసి వెళ్లలేదు కదా?" గాయపడ్డవాళ్లకు వైద్యం అందేలా చూడటం, పోలీసులకు తెలియజేయడం డ్రైవరు బాధ్యత అని మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ చెబుతుంది. చట్టం అలా ఉంచు, అది మనిషి చేయాల్సిన పని. మీవాడు కూడా అలాగే చేశాడని రాశావు, నాకు చాలా సంతోషమనిపించింది.

లాయర్ని వెతకడం దగ్గర చాలా తిరిగాం. చుట్టాలందరూ హైకోర్టులో పేరున్నవాళ్లనే చెప్పారు. నాకైతే ఈ కేసుకి మేజిస్ట్రేట్ కోర్టులో రోజూ నిలబడే మనిషే కావాలనిపించింది. చివరికి ఆఫీసు మిత్రుడు చెప్పిన లాయరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆవిడ ఫీజు మాట ఎత్తకుండా ఎఫ్ఐఆర్ కాపీ అడిగింది. "అతివేగంగా, అజాగ్రత్తగా" అని ఉన్న చోట పెన్సిల్‌తో గీత గీసి, "అన్ని ఎఫ్ఐఆర్‌లలోనూ ఇదే రాస్తారండీ. ఎంత వేగం, ఎవరు చూశారు, ఏం అజాగ్రత్త? అది ప్రాసిక్యూషన్ రుజువు చేయాలి" అంది. అతివేగం అన్నంత మాత్రాన నిర్లక్ష్యం రుజువైనట్టు కాదని కర్ణాటక రాష్ట్రం, సతీశ్ కేసులో సుప్రీంకోర్టు 1998లోనే చెప్పిందట.

ఆ సాయంత్రమే జూనియర్ని మాతో స్పాట్‌కి పంపింది. అక్కడ అడ్రసులన్నీ ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ నంబర్లతోనే కదా. ఆ కుర్రాడు రోడ్డు మీద గుంతనీ, సందు మలుపునీ పిల్లర్ నంబరు కనిపించేలా ఫోటోలు తీశాడు, రేపు ఆ చోటు అది కాదని ఎవరూ అనకుండా. మందుల షాపు ముందు కెమెరా ఉంది. పాత రికార్డింగ్ మీద కొత్తది పడిపోతుందని, ఓనర్ని బతిమాలి కాపీ తీసుకుని, కొత్త సాక్ష్య చట్టం (సాక్ష్య అధినియం) 63 కింద, ఆ వీడియో ఎక్కడిది, కాపీ ఎలా తీశారో చెప్పే సర్టిఫికెట్ కూడా రాయించాడు. అది లేకపోతే వీడియోకి కోర్టులో చిక్కు వస్తుందట. మీవాడు ముందు చేయాల్సింది ఇదేరా, లాయర్ దొరికేదాకా కూడా ఆగొద్దు.

బెయిల్ గురించి భయపడొద్దను. 281, 125 రెండూ బెయిలబుల్, స్టేషన్ బెయిల్ అతని హక్కు. దానికోసం ఎవరి చేతిలోనూ డబ్బు పెట్టొద్దు. విచారణకి రమ్మని పోలీసులు 35(3) నోటీసు ఇస్తే, పాత 41ఏ నోటీసే అది, చెప్పిన తేదీకి తప్పకుండా వెళ్లాలి. విచారణలో తనని నేరంలో ఇరికించే ప్రశ్నకి జవాబు చెప్పనక్కర్లేదు. పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మీద సంతకం పెట్టనక్కర్లేదు.

బండి గురించి ఎక్కువ బాధపడుతున్నాడన్నావు. ఈఎంఐ ఆగదు కదా మరి. ఎమ్‌వీఐ, అంటే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్, తనిఖీ అయిపోగానే బండి విడుదలకి కోర్టులో పిటిషన్ వేయొచ్చు. ఆర్సీ, ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్, పర్మిట్, లైసెన్స్ అన్నీ సిద్ధం చేసుకోమను. ఇన్సూరెన్స్ అమల్లో ఉంటే కంపెనీకి వెంటనే చెప్పాలి, నష్టపరిహారం భారం చాలావరకు వాళ్ల మీదికే వెళ్తుంది.

లాయర్‌కి ఇచ్చేంత లేదంటే 15100కి ఫోన్ చేయమను, న్యాయ సేవాధికార సంస్థ నంబరు అది. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. మిగతావాళ్లలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంది. ఉచితం అంటే సరిగ్గా వాదించరేమో అని చాలామంది అటు వెళ్లరు, అది నాకు బాధగా ఉంటుంది. డబ్బులిచ్చే పెట్టుకుంటే మాత్రం ప్రతి పేషీకి తనే వస్తారా, ఫీజు మొత్తానికా, వాయిదాకి ఇంతా అని ముందే అడగాలి. "కేసు కొట్టేయిస్తా, గ్యారంటీ" అన్నవాడి దగ్గర వకాలత్ మీద, అంటే కేసు అతనికి అప్పగించే కాగితం మీద, సంతకం పెట్టొద్దు.

రాజీ సంగతి అడిగావు. గాయం కేసు, అంటే 125, కోర్టు అనుమతితో గాయపడ్డవాళ్లు రాజీ చేసుకోవచ్చు. 281 అలా కుదరదు, దానికి హైకోర్టులో క్వాష్ పిటిషన్, అంటే కేసు కొట్టేయమని పిటిషన్, వేయాలి. మేం ఆ పెద్దాయన్ని చూడటానికి వెళ్తూనే ఉన్నాం. కేసు మాట మాత్రం ఎత్తం. సాక్ష్యం మార్చమన్నట్టు ఒక్క మాట దొర్లినా తప్పే అని లాయరమ్మ గట్టిగా చెప్పింది. ఆయన చెయ్యి బాగుపడాలి, మా తమ్ముడు చేయని తప్పుకి శిక్ష పడకూడదు. రెండూ కావాలి నాకు.

మావాడి కేసులో ఇంకా చార్జిషీట్ వేయలేదు. ఆదివారం నేను ఇంట్లోనే ఉంటాను, మీ బావమరిదిని పంపు. ఎఫ్ఐఆర్ కాపీ, బండి కాగితాలు, స్పాట్ ఫోటోలు తెచ్చుకోమను. బ్రీత్ అనలైజర్ టెస్టు చేసుంటే ఆ స్లిప్ కూడా.

నీ
రాజు