నా చేతికి సరిపోయే హ్యాండిల్ చూపించిన అందరికీ థ్యాంక్స్

కుడి మణికట్టు విరిగి కట్టు విప్పాక సైకిల్‌కి ఏ హ్యాండిల్ వేయించుకోవాలని అడిగితే మన కడప సైకిల్ మిత్రులు ఇంత ఓపిగ్గా జవాబిచ్చారు, అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

డాక్టర్ గారు తొక్కమన్నారు గానీ, నా స్ట్రెయిట్ హ్యాండిల్‌తో దేవుని కడప దాకా పోయేసరికే చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కేవి. ఫిజియోథెరపీ మేడం నన్ను నిలబెట్టి చేతులు ఊరికే కిందికి వదలమన్నారు. అరచేతులు తొడల వైపు తిరిగి ఉన్నాయి. స్ట్రెయిట్ హ్యాండిల్ పట్టుకుంటే వాటిని బలవంతంగా నేలవైపు తిప్పాలి, మణికట్టు పక్కకి వంగుతుంది, పైగా చిటికెన వేలి వైపు అరచేతిలోంచి పోయే అల్నార్ నరం మీద బరువు పడుతుంది, తిమ్మిరి అందుకేనని చెప్పారు. పాలవాళ్ల పాత సైకిళ్లకు ఉండే, వెనక్కి వంగిన హ్యాండిలే నీకు మంచిదన్నారు.

రేసు సైకిళ్లకు ఉండే, కొసలు కిందికి మెలి తిరిగిన డ్రాప్ హ్యాండిల్ వద్దని ఆపిన అన్నకి ప్రత్యేకంగా థ్యాంక్స్. దాని గొట్టం లావు 23.8 మి.మీ., నా బ్రేక్ లివర్లు, గేర్ షిఫ్టర్లు 22.2కి చేసినవి, అన్నీ మార్చాల్సి వచ్చేది. వెనక్కి వంగిన హ్యాండిల్‌కి అవే సరిపోయాయి. మధ్యలో బిగించే చోట మాత్రం నాది 31.8, కొత్తది 25.4, అందుకని స్టెమ్ (హ్యాండిల్‌ని సైకిల్‌కి పట్టి ఉంచే ముక్క) మార్చాం.

ఇక ఏడురోడ్ల దగ్గరి మెకానిక్ అన్న గురించి ఎంత చెప్పినా తక్కువే. బోల్టులు వదులుగా ఉంచి, నన్ను సీటు మీద కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని పట్టుకోమని, మణికట్టు తిన్నగా వచ్చేదాకా హ్యాండిల్ కొసల్ని కొంచెం కొంచెం కిందికి దించి, అప్పుడు బిగించారు. మన సైకిళ్లకు ముందు బ్రేక్ కుడిచేతి వైపే కదా, నా వేళ్లు అందడం లేదని గమనించి లివర్‌లో ఉండే చిన్న స్క్రూ తిప్పి దాన్ని దగ్గరికి జరిపారు. కేబుల్ చాలదని పొడవుది వేశారు. సీటు ముక్కు కిందికి వాలి ఉంటే ఒళ్లంతా ముందుకు జారి చేతుల మీదే పడుతుందని, అడగకుండానే దాన్నీ సమం చేశారు.

ఇప్పుడు వీపు నిటారుగా ఉంటోంది, బరువు సీటు మీదే, వేళ్లు తిమ్మిరెక్కట్లేదు. ఎదురుగాలికి కాస్త కష్టమే, అయినా పర్వాలేదు.

పాత హ్యాండిల్, స్టెమ్ బాగానే ఉన్నాయి, ఎవరికైనా కావాలంటే చెప్పండి, ఊరికే ఇచ్చేస్తా.