ఇంటి నీళ్లు వీధి పైపులోకి వెళ్లకుండా చూడాలి

సంపాదకుడికి,

అయ్యా,

కుళాయి నీళ్లు వాసన వస్తున్నాయనో రంగు మారాయనో ఫిర్యాదు రాగానే అందరూ రోడ్డు కింది పైపునే అనుమానిస్తారు. ఎక్కడ పగిలింది, మురుగు ఎక్కడ కలిసింది అని తవ్వి చూస్తారు. అది చూడాల్సిందే. కానీ మన ఇళ్లలోంచే వీధి లైన్‌లోకి వెనక్కి వెళ్లే నీళ్ల గురించి అడిగేవాళ్లు చాలా తక్కువ. ఇళ్లకు పైపులైన్లు వేయించే పనిలో ఉన్నవాడిగా ఈ సంగతి నలుగురికీ తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నీళ్లు ప్రెషర్ ఎక్కువ ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటుకి పోతాయి. వీధి లైన్‌లో ప్రెషర్ ఉన్నంతసేపూ అవి మన ఇంట్లోకి వస్తాయి. ఎక్కడో పెద్ద పైపు పగిలినా, మంటలు ఆర్పడానికి ఫైరింజన్ ఒక్కసారిగా నీళ్లు లాగినా, సరఫరా ఆపాక పైపు ఖాళీ అవుతున్నా ఆ ప్రెషర్ పడిపోతుంది. ఒక్కోసారి సున్నా కంటే కిందికి కూడా దిగుతుంది. అప్పుడు వీధి లైనే ఇళ్లలోంచి నీళ్లు పీల్చుకుంటుంది. ఇంకో దారి కూడా ఉంది. ఇంట్లోని బూస్టర్ పంపో పై ట్యాంకో వీధి కంటే ఎక్కువ ప్రెషర్ పెట్టి నీటిని వెనక్కి తోస్తుంది. పది మీటర్ల ఎత్తులో ఉన్న ట్యాంకు నీళ్లు కింద దాదాపు ఒక బార్ (ప్రెషర్‌ని కొలిచే ప్రమాణం) ప్రెషర్ ఇస్తాయి. ట్యాంకుకి ఎక్కే పైపు, ట్యాంకు నుంచి దిగే పైపు ఎక్కడైనా కలిసి ఉండి, వీధిలో ఆ పాటి ప్రెషర్ కూడా లేకపోతే ట్యాంకు నీళ్లు వీధిలోకే పోతాయి.

మొక్కలకు మందు కలపడానికి బకెట్‌లో హోస్ పైపు వేసి కుళాయి తిప్పుతాం. నిండేలోపు ఇంకేదో పని గుర్తొచ్చి లోపలికి వెళ్తాం. హోస్ కొస మందు నీళ్లలో మునిగే ఉంటుంది. సరిగ్గా అప్పుడే వీధిలో ప్రెషర్ పడిపోతే ఆ మందు నీళ్లు హోస్ గుండా కుళాయిలోకి, అక్కడి నుంచి ఇంటి లైన్‌లోకి, అడ్డేమీ లేకపోతే వీధిలోకి పోతాయి. సరఫరా తిరిగి వచ్చాక అవే నీళ్లు మన వంటగది కుళాయిలోనో పక్కింటివాళ్ల గ్లాసులోనో పడతాయి. టాయిలెట్ పక్కన వేలాడే హ్యాండ్ షవర్ జారి కమోడ్ నీళ్లలో పడి ఉన్నా జరిగేది ఇదే. బకెట్ ఎవరిదో, ఏ ఇంట్లో మొదలైందో తర్వాత తేల్చడం దాదాపు అసాధ్యం.

ఇదంతా ఊహ అనుకునేవాళ్లు 1969లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, వుస్టర్‌లోని హోలీ క్రాస్ కాలేజీలో ఏం జరిగిందో తెలుసుకోవాలి. అక్కడి ఫుట్‌బాల్ జట్టుకి ఒక్కసారిగా హెపటైటిస్ అనే కాలేయ జబ్బు సోకింది. ఆటగాళ్లు, కోచ్‌లు కలిపి సుమారు 90 మంది దాని బారిన పడ్డారు. రెండు మ్యాచ్‌లు ఆడాక ఆ సీజన్‌లో మిగిలినవన్నీ రద్దు చేసుకున్నారు. ప్రాక్టీస్ మైదానానికి నీళ్లు తెచ్చే పైపు మీద, గడ్డి తడిపే కనెక్షన్లు నేలలోకి దిగిన గుంటల్లో ఉండేవి. అప్పటికే జబ్బు ఉన్న ఇళ్ల పిల్లలు ఆ గుంటల్లో నిలిచిన నీళ్లలో ఆడుకున్నారు. దగ్గర్లో ఇల్లు అంటుకుంటే ఆర్పడానికి నీళ్లు లాగారు, లైన్‌లో ప్రెషర్ పడిపోయింది, గుంటల్లోని నీళ్లు పైపులోకి చేరాయి. ఆ పైపు చివర ఉన్న కుళాయి దగ్గరే ఆటగాళ్లు నీళ్లు తాగారు. అంతకు ముందు 1933లో షికాగోలో రెండు హోటళ్ల పాత ప్లంబింగ్ వల్ల మురుగు మంచినీళ్లలో కలిసి అమీబిక్ డీసెంటరీ అనే జిగట విరేచనాల జబ్బు వ్యాపించింది. అందులో 98 మంది చనిపోయారు. అక్కడి ప్లంబింగ్ నిబంధనలు గట్టిపడటానికి ఇలాంటి ఘటనలే కారణం.

“మాకు చేత్తో తిప్పి మూసే గేట్ వాల్వ్ ఉంది కదా, అవసరమైతే కట్టేసుకుంటాం” అనే మాట నాకు తరచూ వినిపిస్తుంది. ఫిన్లాండ్‌లోని నోకియా పట్టణంలో 2007లో, మురుగు శుద్ధి చేసి వదిలే నీటి లైన్‌కీ మంచినీటి లైన్‌కీ మధ్య ఉన్న వాల్వ్ ఒకటి తెరిచి ఉండిపోయింది. వేల మంది జబ్బు పడ్డారు. మనిషి గుర్తుపెట్టుకుని తిప్పాల్సిన వాల్వ్ మీద జనం ఆరోగ్యాన్ని వదిలేయకూడదు. దానంతట అదే మూసుకునేది కావాలి.

అదే చెక్ వాల్వ్. ప్లంబర్లు నాన్ రిటర్న్ వాల్వ్ అనో ఎన్‌ఆర్‌వీ అనో అంటారు. లోపల ఒక రేకు తలుపు గానీ స్ప్రింగ్ పెట్టిన బిళ్ల గానీ ఉంటుంది. నీళ్లు ముందుకి పోతే తెరుచుకుంటుంది, వెనక్కి తిరిగితే మూసుకుంటుంది. కరెంటు అక్కర్లేదు. బాడీ మీద బాణం గుర్తు ఉంటుంది. అది నీళ్లు పోవాల్సిన దిక్కునే చూపించాలి. రేకు తలుపు రకాన్ని అడ్డంగా ఉన్న పైపులో గానీ, నీళ్లు పైకి ఎక్కే నిలువు పైపులో గానీ పెట్టాలి. నీళ్లు కిందికి దిగే పైపులో పెడితే తలుపు తెరుచుకునే వేలాడుతుంది, పెట్టీ లాభం లేదు. స్ప్రింగ్ రకానికి ఈ ఇబ్బంది లేదు గానీ అది కాస్త ఎక్కువ ప్రెషర్ తింటుంది. ధార తగ్గిందని కొందరు వాల్వ్ పీకించేస్తారు. అది చాలా తప్పు. సరైన రకం వేయించుకుంటే సరిపోయే దానికి రక్షణే లేకుండా చేసుకోవడం ఏమిటి?

పెట్టించి మరిచిపోయినా కుదరదు. పనిచేయడం లేదని విప్పిన వాల్వ్‌లలో నేను తరచూ చూసేది ఒకటే: తలుపు ఆనే అంచు మీద తెల్లటి టెఫ్లాన్ టేపు ముక్క. పైపు బిగించేటప్పుడు చుట్టిన టేపులోంచి పోగు ఊడి వచ్చి అక్కడ ఇరుక్కుంటుంది. వెంట్రుకంత సందు మిగిలినా నీళ్లు వెనక్కి కారతాయి. ఇసుక రేణువు, తుప్పు పెచ్చు పడినా అంతే. అందుకే కొత్త లైన్ వేశాక ముందు నీళ్లు వదిలి పైపులు కడిగి, ఆ తర్వాతే వాల్వ్ బిగించాలి. అవసరమైనప్పుడు విప్పి చూడటానికి చేతికి అందే చోట పెట్టాలి తప్ప గోడలో పూడ్చి టైల్ వేయకూడదు.

ఈ కారణం వల్లే పురుగుమందు, మురుగు లాంటి ప్రమాదం ఉన్న చోట ఒక్క చెక్ వాల్వ్‌ని నమ్ముకోవడం సరికాదు. అక్కడ అన్నిటికంటే నమ్మదగినది గాలి ఖాళీయే. కుళాయి మూతికీ, పాత్రలో నీళ్లు ఎంత నిండినా చేరే మట్టానికీ మధ్య కుళాయి మూతి వెడల్పుకి రెట్టింపు, కనీసం 25 మిల్లీమీటర్లు ఖాళీ ఉంచాలి. గాలిలోంచి నీళ్లు పైకి ఎగరలేవు. హోస్ తగిలించే కుళాయికి వాక్యూమ్ బ్రేకర్ అనే చిన్న భాగం బిగిస్తారు. ప్రెషర్ పడిపోగానే అది గాలిని లోపలికి తీసుకుని పీల్పుని తెంచేస్తుంది.

గీజర్ ఉన్నవాళ్లకి ఒక ముఖ్యమైన హెచ్చరిక. 100 లీటర్ల నీళ్లు 20 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకి వేడెక్కితే దాదాపు లీటరున్నర పెరుగుతాయి. వీధి లైన్‌కి నేరుగా కలిపిన ఇంట్లో ఇంతకాలం ఆ పెరిగిన నీళ్లు వెనక్కి సర్దుకునేవి. చెక్ వాల్వ్ పెట్టాక ఆ దారి మూసుకుపోతుంది, లోపల ప్రెషర్ పెరుగుతుంది. అందుకే పెరిగిన నీళ్లకి చోటిచ్చే ఎక్స్‌పాన్షన్ ట్యాంకు, ప్రెషర్ మితిమీరితే నీళ్లు బయటికి వదిలేసే సేఫ్టీ వాల్వ్ పనిచేసే స్థితిలో ఉండాలి. సేఫ్టీ వాల్వ్‌లోంచి చుక్కలు పడుతున్నాయని దానికి బిరడా బిగించినవాళ్లని చూశాను. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి, గీజర్ పేలిపోవచ్చు. గీజర్‌కీ సేఫ్టీ వాల్వ్‌కీ మధ్య ఇంకే వాల్వూ పెట్టకూడదు.

ఇంతకీ ఇది ఎవరి ఇంటి సంగతి వాళ్లు చూసుకుంటే సరిపోయే వ్యవహారం కాదు. మీటరు దగ్గర నేను పెట్టుకున్న వాల్వ్ కాపాడేది వీధిలో మిగతావాళ్లని. నన్ను కాపాడేది వాళ్లు పెట్టుకునే వాల్వ్. అలాంటప్పుడు ఇష్టమైనవాళ్లు పెట్టుకుంటారులే అని వదిలేస్తే ఎవరూ పెట్టుకోరు. నిబంధన ఉండాలి, ఉన్న చోట అమలు కావాలి. కొత్త కనెక్షన్ ఇచ్చేటప్పుడు మీటరు తర్వాత చెక్ వాల్వ్ ఉంటేనే నీళ్లు వదలాలి. పాత కనెక్షన్లకి మీటరు మార్చే సమయంలోనే అదీ బిగించాలి. వీధి లైన్‌కి నేరుగా మోటారు తగిలించి లాగడాన్ని గట్టిగా ఆపాలి. అలా లాగినప్పుడు పుట్టే పీల్పుకి పక్కిళ్ల నీళ్లే కాక, పైపు అతుకుల్లోంచి మట్టి నీళ్లు కూడా లోపలికి వస్తాయి. వాటిని ఏ ఇంటి చెక్ వాల్వూ ఆపలేదు.

రీడింగ్ తీసుకునే సిబ్బందికి ఇంకో చిన్న పని అప్పగించవచ్చు. ముల్లు తిరిగే పాత రకం మీటర్లు చాలావరకు, నీళ్లు వెనక్కి పోతే వెనక్కే తిరుగుతాయి. సరఫరా లేని వేళ మీటరు ముల్లు వెనక్కి తిరగడం కనిపిస్తే ఆ ఇంటిని రాసుకుని, మర్నాడే ప్లంబింగ్ తనిఖీకి మనిషిని పంపాలి. ఇంటివాళ్లు కూడా నీళ్లు ఆగిన సమయంలో మీటరు మూత తెరిచి ఒక్కసారి చూసి, తేడా ఉంటే సరఫరా కార్యాలయానికి చెప్పాలని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు