హాజీని క్లబ్బుల పేర్లతో కొలవకండి

సంపాదకులు గారికి,

ఆటల పేజీల్లో రుమేనియా మాజీ మిడ్‌ఫీల్డర్ గ్యోర్గే హాజీ పేరు వచ్చినప్పుడల్లా దాదాపు అవే రెండు మాటలు కనిపిస్తాయి. ఒకటి ‘కార్పాతియన్ల మారడోనా’ (కార్పాతియన్లు రుమేనియాలోని పర్వతాలు). రెండోది, రియల్ మాడ్రిడ్‌లోనూ బార్సిలోనాలోనూ ఆడాడు గానీ నిలదొక్కుకోలేకపోయాడని. రెండూ అబద్ధాలు కావు. అయితే రెండు పెద్ద క్లబ్బుల్లో గడిచిన నాలుగేళ్లు చూసి మనిషి మొత్తానికి మార్కులు వేసేయడం మన క్రీడా విలేకరులకు అలవాటైపోయింది. నా అభ్యంతరం దాని మీదే.

1965లో కాన్‌స్టాంట్సా జిల్లాలో పుట్టిన హాజీ, నియంత చౌషెస్కు పాలన ఉన్నన్నాళ్లూ విదేశీ క్లబ్బులకు ఆడే వీలు లేనివాడు. 1987లో సైన్యం క్లబ్బు స్ట్యావా బుకారెస్ట్ ఒక్క మ్యాచ్ కోసమని అతణ్ని ఇంకో క్లబ్బు నుంచి అరువు తెచ్చుకుంది. యూరోపియన్ సూపర్ కప్‌లో డైనమో కీవ్ మీద అతని గోల్‌తోనే 1-0తో గెలిచింది, ఇక తిరిగి పంపలేదు. నియంత కొడుకు అండ ఉన్న క్లబ్బును నిలదీసేదెవరు? మాడ్రిడ్ చేరేసరికి పాతికేళ్లు నిండాయి. అక్కడ మొదటి సీజన్‌లోనే ముగ్గురు కోచ్‌లు మారారు. బార్సిలోనాలోనేమో ముగ్గురు విదేశీయులే బరిలో ఉండాలన్న నిబంధన. స్టోయిచ్‌కోవ్, కూమన్, రొమారియో లాంటి విదేశీ మేటి ఆటగాళ్లు ఉన్న జట్టులో చోటు దొరకడం ఎవరికైనా కష్టమే. ‘నిలదొక్కుకోలేదు’ అని రాసేటప్పుడు ఇవి కూడా ఒక వాక్యంలో చెప్పొచ్చు కదా.

ఆ రెండు క్లబ్బుల నడుమ అతను ఇటలీలో బ్రెషాకు ఆడాడు. 1993లో ఆ జట్టు రెండో డివిజన్‌కు జారిపోయింది. హాజీ వదిలి పోలేదు. ఆ ఏడాదంతా కింది స్థాయిలో ఆడి జట్టును మళ్లీ పైకి తెచ్చాడు, అటునుంచి అటే 1994 ప్రపంచ కప్‌కు అమెరికా వెళ్లాడు.

అక్కడ కొలంబియాతో మ్యాచ్‌లో కొట్టిన గోల్‌ను మీ విలేకరులు మరోసారి చూడాలి. అంతకు కొన్ని నెలల ముందే అర్జెంటీనాను వాళ్ల గడ్డ మీదే 5-0తో ఓడించి వచ్చిన జట్టది. హాజీ ఎడమ అంచున, దాదాపు టచ్‌లైన్ దగ్గర ఉన్నాడు. అంత దూరం నుంచి ఎవరైనా బంతిని మధ్యలోకి క్రాస్ చేస్తారు. గోల్‌కీపర్ కోర్డోబా కూడా అదే అనుకుని కాస్త ముందుకొచ్చాడు. హాజీ ఎడమ కాలితో లేపిన బంతి అతని తల మీదుగా వెళ్లి అవతలి మూల వలలో పడింది. రుమేనియా 3-1తో గెలిచింది. తర్వాత అర్జెంటీనానూ 3-2తో ఇంటికి పంపి, క్వార్టర్ ఫైనల్లో స్వీడన్ చేతిలో పెనాల్టీ షూటౌట్‌లో ఓడింది. రుమేనియా ప్రపంచ కప్‌లో అంత దూరం వెళ్లడం మళ్లీ జరగలేదు.

ఇక టర్కీ క్లబ్బు గలతసరాయ్. 31 ఏళ్లకు ఇస్తాంబుల్ వెళితే రిటైర్‌మెంట్‌కు వెళ్లాడనుకున్నారు. వరుసగా నాలుగు లీగ్ టైటిళ్లు, 2000లో యూఈఎఫ్‌ఏ కప్. టర్కీ క్లబ్బుకు అదే తొలి యూరోపియన్ కప్పు. ఆర్సెనల్‌తో ఆ ఫైనల్లో అదనపు సమయంలో హాజీ కోపం ఆపుకోలేక రెడ్ కార్డ్ తిన్నాడు. షూటౌట్‌లో ఆఖరి పెనాల్టీ కొట్టి గెలిపించింది అతని తోడల్లుడు పోపెస్కు! అదే ఏడాది యూరో కప్‌లో ఇటలీ మీదా రెడ్ కార్డే. దేశం తరఫున అదే అతని ఆఖరి మ్యాచ్. 124 మ్యాచ్‌లు, 35 గోల్స్ అక్కడితో ముగిశాయి. నోటి దురుసు, కోపం ఉన్నవాడే, దాచాల్సిన పనిలేదు.

పేజీల్లో అసలు చోటు దక్కనిది ఆ తర్వాతి కథకే. 2001లో జాతీయ జట్టు కోచ్‌గా విఫలమయ్యాడు. 2009లో సొంత ఊరి వైపు వెళ్లి, కాన్‌స్టాంట్సా పక్కనున్న ఒవిడియులో సొంత డబ్బుతో అకాడమీ, వీటోరుల్ అనే క్లబ్బు పెట్టాడు. మూడేళ్లకే ఆ క్లబ్బు పై డివిజన్‌కు చేరింది. 2017లో కుర్రాళ్లతో నిండిన జట్టుతో లీగ్ గెలిచింది, కోచ్ కూడా అతనే. 2021లో తను ఆట మొదలుపెట్టిన ఫారుల్‌తో ఆ క్లబ్బును కలిపాడు. 2023లో ఫారుల్‌కూ టైటిల్ వచ్చింది. 2024 యూరోలో రుమేనియా గ్రూపులో అగ్రస్థానంలో నిలిచినప్పుడు రెండు గోల్స్ చేసిన రాజ్వాన్ మారిన్ ఆ అకాడమీ పిల్లవాడే. హాజీ కొడుకు యానిస్ కూడా ఆ జట్టులో ఉన్నాడు. గోపీచంద్ అకాడమీని కళ్లారా చూసిన తెలుగు పాఠకులకు ఇందులో విలువ ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు.

మీ ఆదివారం అనుబంధంలో ఐరోపా ఫుట్‌బాల్‌కు పూర్తి పేజీ ఇస్తున్నారు, సంతోషం. అందులో సగం బదిలీ ఫీజుల పట్టికలే. నెలకొక్కసారైనా ఆ పట్టిక తీసేసి, ఒవిడియు లాంటి చోట పిల్లల్ని ఏ వయసులో తీసుకుంటున్నారు, చదువు సంగతేమిటి, ఖర్చు ఎవరు భరిస్తున్నారు అన్నది రాయించండి.

– ఒక పాఠకుడు, వరంగల్