ఆట నేర్పిన గ్రౌండ్‌కూ వాటా ఇప్పించండి

క్రీడా శాఖ మంత్రి వాకిటి శ్రీహరి గారికి నమస్కారాలు.

మీది మక్తల్, నాది మహబూబ్‌నగర్. మన పాలమూరు మనిషి క్రీడల మంత్రి అయ్యారని మా గ్రౌండ్‌లో పిల్లలందరూ సంబరపడ్డారు. ఆ చనువుతోనే ఈ లేఖ రాస్తున్నాను.

నేను పొద్దున, సాయంత్రం పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతాను. ఫీజు తీసుకోను. ముప్పై మందికి నాలుగు బాల్స్ ఉన్నాయి, ఒకదాంట్లో గాలి నిలవదు. బూట్లు ఉన్నవాళ్లు ఒక హాఫ్ ఆడి, విప్పి లేనివాళ్లకు ఇస్తారు. ఇదే ఆటలో 2017లో ఒక పారిస్ క్లబ్ బ్రెజిల్ ఆటగాడు నెయ్‌మార్ ఒక్కడి కోసం 22.2 కోట్ల యూరోలు కట్టింది. ఆ అంకె చూసి నాకు కోపం రాలేదు. కానీ అందులో కొంత, చిన్నప్పుడు అతనికి ఆట నేర్పిన బ్రెజిల్ క్లబ్ శాంటోస్‌కు చేరిందని తెలిసిన రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ప్రపంచ ఫుట్‌బాల్‌ను నడిపే ఫిఫాలో ఆ రూల్ ఉంది సార్. కాంట్రాక్టు మధ్యలో ఆటగాడు వేరే దేశం క్లబ్‌కు మారితే, కొత్త క్లబ్ పాత క్లబ్‌కు కట్టే డబ్బులో 5 శాతం అతన్ని 12 నుంచి 23 ఏళ్ల వరకు తయారుచేసిన క్లబ్బులకు పంచాలి. 12 నుంచి 15 ఏళ్ల దాకా నేర్పిన క్లబ్‌కు కోటి రూపాయల బదిలీలో లక్ష వస్తుంది. లక్షతో మా గ్రౌండ్ ఎన్నేళ్లు నడుస్తుందో! ఆ డబ్బు సరిగా చేరాలని 2022లో ఫిఫా క్లియరింగ్ హౌస్ అని, లెక్క చూసి పంచే ఒక సంస్థను కూడా పెట్టింది. అయితే అక్కడ చూసేది రిజిస్ట్రేషన్ రికార్డునే. మా పిల్లల పేర్లు నా నోట్‌బుక్‌లో తప్ప ఎక్కడా లేవు.

పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి డ్యాములు కట్టారు, మన చెలకలు మాత్రం ఎండిపోయాయి. ఫుట్‌బాల్‌లోనూ అదే జరుగుతోంది. బాగా ఆడే పిల్లవాడు పట్నం పోతాడు. పోవాలి కూడా, నేనే పంపిస్తాను. వాడి వెనక గ్రౌండ్‌కు ఏమీ మిగలదు.

పైన పెద్ద జట్టు ఉంటే కిందికీ నాలుగు పైసలు దిగుతాయని అనుకున్నాం. హైదరాబాద్ ఎఫ్‌సీ జట్టు 2022 మార్చిలో దేశంలోని పెద్ద ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్‌ఎల్ గెలిచింది. రెండేళ్లు తిరక్కముందే జీతాలు అందక ఆటగాళ్లు వెళ్లిపోయారు. 2025లో జట్టే ఢిల్లీకి మారి పేరు కూడా మార్చుకుంది. భారత్‌ను 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిపి, 1962 ఆసియా క్రీడల్లో బంగారం తెచ్చిన కోచ్ రహీం సాబ్ నగరం మన హైదరాబాద్. తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

ఇది మార్కెట్ వ్యవహారం, ప్రభుత్వానికేం పని అని మీకు ఎవరైనా చెప్పవచ్చు. స్పెయిన్‌లో 2015 దాకా ఏ ఫుట్‌బాల్ క్లబ్ టీవీ హక్కులు ఆ క్లబ్బే అమ్ముకునేది, పెద్ద ముద్ద రియల్ మాడ్రిడ్, బార్సిలోనాలకే పోయేది. ప్రభుత్వం చట్టం తెచ్చాకే అందరివీ కలిపి అమ్మి పంచడం మొదలైంది. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ అయితే స్వదేశీ టీవీ డబ్బులో సగం 20 జట్లకూ సమానంగా ఇస్తుంది. అంత డబ్బున్న ఆ దేశంలోనే కింది లీగుల్లో క్లబ్బులు కూలుతున్నాయి. 1885లో పుట్టిన బరీ క్లబ్‌ను అప్పుల గొడవల్లో 2019లో లీగ్ నుంచి తీసేశారు. ఇక మా గ్రౌండ్ ఎంత?

మహబూబ్‌నగర్, నారాయణపేట, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నల్గొండ జిల్లాల్లో నాలాగా నేర్పుతున్న వాళ్లందరినీ ఒకసారి పిలిపించండి. మా జట్లను క్లబ్బులుగా రిజిస్టర్ చేయించండి. పన్నెండేళ్లు నిండిన ప్రతి పిల్లవాడి పేరూ ఫుట్‌బాల్ ఫెడరేషన్ రికార్డులోకి ఎక్కేలా మీ శాఖ నుంచి ఒక మనిషిని పెట్టండి. ఫీజులు, కాగితాలు మా వల్ల కావు.

ఇంకొకటి. మెస్సీ ఉప్పల్‌కు వచ్చిన రోజు మా పిల్లలు ఒకే ఫోన్ చుట్టూ కూర్చుని చూశారు. ప్రభుత్వ స్టేడియాలను ఫుట్‌బాల్ మ్యాచ్‌లకు అద్దెకు ఇచ్చినప్పుడు, వచ్చిన డబ్బులో ఒక వాటా జిల్లా గ్రౌండ్లకని జీవో ఇవ్వండి.

ఈసారి మక్తల్‌కు వెళ్తున్నప్పుడు మహబూబ్‌నగర్‌లో ఒక అరగంట ఆగండి సార్. పొద్దున ఆరు గంటలకల్లా పిల్లలు గ్రౌండ్‌లో ఉంటారు.

ఇట్లు,
ఒక ఫుట్‌బాల్ కోచ్,
మహబూబ్‌నగర్