ఫిర్యాదు కాగితం ఎన్ని చేతులు మారుతోంది?

ఎడిటర్ గారికి,

యూనివర్సిటీ ఆఫీసులో తపాలు చూసే సెక్షన్‌లో చాలా ఏళ్లు చేసి రిటైరయ్యాను. లైంగిక వేధింపుల మీద ఆడపిల్లలు ధైర్యంగా ముందుకొచ్చి ఫిర్యాదు చేయాలని ప్రతి మీటింగులో చెప్తుంటారు, ఇచ్చాక ఆ కాగితం ఏమవుతుందో మాత్రం ఎవరూ చెప్పరు.

మా దగ్గరైతే కవరు చింపి ఇన్‌వార్డు రిజిస్టర్‌లో ఎక్కించేవాళ్లు. 'విషయం' అన్న గడిలో అమ్మాయి పేరు, డిపార్ట్‌మెంటు, ఏ సారు మీదో అన్నీ రాయాల్సిందే. ఆ రిజిస్టరు టేబుల్ మీద తెరిచే ఉంటుంది, స్కాలర్‌షిప్ సంగతి కనుక్కోవడానికి వచ్చిన కుర్రాడు కూడా ఎదురుగా నిలబడి చదివేయొచ్చు. అక్కణ్నుంచి రిజిస్ట్రార్ పేషీకి వెళ్తే 'తగు చర్య నిమిత్తం' అని రాసి మళ్లీ అదే డిపార్ట్‌మెంటు హెడ్‌కి పంపేవాళ్లు. ఇలాంటి ఫిర్యాదుల్ని విచారించే అంతర్గత కమిటీ చేతికి అందేసరికి క్యాంటీన్‌లో టీ తాగేవాళ్లందరికీ తెలిసిపోయేది, ఈలోపు హాస్టల్ వార్డెన్ ఆ అమ్మాయి ఇంట్లోవాళ్లకి ఫోన్ చేయడం, వాళ్ల నాన్న వచ్చి పెట్టె సర్దించి తీసుకెళ్లిపోవడం కూడా అయిపోయేవి.

పనిచేసే చోట మహిళల మీద లైంగిక వేధింపుల్ని అరికట్టే 2013 చట్టంలోని 16వ సెక్షన్ ఫిర్యాదుదారు పేరూ వివరాలూ బయటపెట్టకూడదనే చెప్తోంది. దాన్ని మీరితే జరిమానా ఎంతో తెలుసా? 5,000 రూపాయలు! యూనివర్సిటీలకి ఇదే విషయం మీద యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) పెట్టిన 2015 నిబంధనల ప్రకారం వీసీ, రిజిస్ట్రార్, డీన్, హెచ్‌ఓడీ లాంటివాళ్లు అసలు కమిటీలోనే ఉండకూడదు. మరి వాళ్ల టేబుళ్లన్నీ తిరిగాకే కాగితం కమిటీకి వెళ్లడం ఏం పద్ధతి?

ఇంకో విచిత్రం, ఆఫీసులో అందరూ మాట్లాడుకుంటారు గానీ ఆ పిల్లని మాత్రం 'ఇది కాన్ఫిడెన్షియల్, ఎవరికీ చెప్పకు' అని భయపెడతారు. చట్టం వద్దన్నది పబ్లిక్‌కీ పత్రికలకీ ఎక్కించడం. అమ్మకి, డాక్టర్‌కి, లాయర్‌కి, పోలీసులకి చెప్పుకోవద్దని ఎక్కడా లేదు. 2025 జూలైలో ఒడిశాలోని బాలేశ్వర్‌లో తన డిపార్ట్‌మెంటు హెడ్ మీద ఫిర్యాదు చేసిన విద్యార్థిని, చర్య తీసుకోవడం లేదని కాలేజీలోనే ఒంటికి నిప్పంటించుకుని చనిపోయింది. ఆ అమ్మాయి ముందుకు రాలేదని ఎవరైనా అనగలరా?

పిల్లలకి తెలియని సంగతి ఒకటుంది, ముఖ్యంగా పీహెచ్‌డీ వాళ్లకి. విచారణ నడుస్తున్నంత కాలం ఆ సారు నీ పేపర్లు దిద్దకుండా, నీ పని మీద రిపోర్టు రాయకుండా ఆపించమని కమిటీని అడగొచ్చు. అది యూజీసీ నిబంధనల్లోనే ఉంది. జరిగిన 3 నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి, సరైన కారణం ఉంటే మరో 3 నెలలు ఇస్తారు. ఫిర్యాదు ఇవ్వాలా వద్దా అన్నది తేల్చుకోకముందే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయొచ్చు, బాధిత మహిళలకి సాయం చేసే ప్రభుత్వ సఖి కేంద్రానికి వెళ్లొచ్చు. రాత్రుళ్లు నిద్ర పట్టక టెన్షన్‌గా ఉంటే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు.

యూనివర్సిటీలు చేయాల్సింది పెద్ద ఖర్చున్న పనేం కాదు. కవరు విప్పకుండా నేరుగా కమిటీ అధ్యక్షురాలికి చేరాలి, రిజిస్టర్‌లో పేరు బదులు నంబరు పడాలి. జవాబు పత్రాలకి కోడ్ వేసి, ఎవరి పేపరో దిద్దేవాళ్లకి తెలియకుండా దాచేది ఈ ఆఫీసులే కదా, ఇది చేతకాదంటే నేను నమ్మను.

– ఒక రిటైర్డ్ ఉద్యోగి, హైదరాబాద్