వాట్ల లెక్కకు ఒక కట్టుబాటు కావాలి

సంపాదకులకు,

నమస్కారం. పండుగ అమ్మకాల రోజుల్లో స్పీకర్ సెట్ల ప్రకటనల్లో వాట్లు వేలల్లో అచ్చవుతుంటాయి. ఆ అంకెలను నమ్మి డబ్బు పెట్టబోయేవారికి, పాత ట్రాన్సిస్టర్ యాంప్లిఫైయర్లను (పాట సంకేతాన్ని పెంచి స్పీకరుకు శక్తినిచ్చే యంత్రాలను) ఇంట్లో ఉంచుకుని ఇష్టంగా వాడుకుంటున్న నాలాంటివారు చెప్పగలిగిన సంగతి ఒకటి ఉంది. 1970లలోను, 80ల తొలి సంవత్సరాల్లోను అమెరికా, జపాన్, ఇంగ్లండు దేశాల్లో తయారైన మేలురకం యాంప్లిఫైయర్లలో కంపెనీ ప్రకటించిన వాట్లకూ, యంత్రం లాగే కరెంటుకూ, స్పీకరుకు నిజంగా అందించే శక్తికీ పొంతన ఉండేది. నేడు బజారులో దొరికే చాలా సెట్లలో ఆ పొంతన కనబడదు.

అమెరికాలో మార్క్ లెవిన్సన్ సంస్థ 1977లో తెచ్చిన ఎంఎల్-2 యాంప్లిఫైయరునే తీసుకుందాం. అది ఒకే చానెల్‌ది, అంటే స్టీరియో వినాలంటే రెండు కొనుక్కోవాలి. 8 ఓమ్‌ల స్పీకరుకు (ఓమ్ అంటే విద్యుత్ నిరోధానికి కొలత) అది ఇస్తానని చెప్పుకున్నది కేవలం 25 వాట్లు. అది క్లాస్-ఏ పద్ధతిలో పనిచేస్తుంది గనుక, పాట మోగుతున్నా మోగకపోయినా అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల గుండా కరెంటు నిండుగా పారుతూనే ఉంటుంది; ఆ 25 వాట్ల కోసం గోడ ప్లగ్గు నుంచి వందల వాట్లు లాగి, అందులో అధిక భాగాన్ని వేడిగా వదిలేస్తుంది. మన వేసవిలో దానిని మూసి ఉన్న గదిలో నడపడం ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. కాని స్పీకరు 4 ఓమ్‌లైతే అదే యంత్రం 50 వాట్లు, 2 ఓమ్‌లైతే 100 వాట్లు ఇస్తుంది. నిరోధం సగమైతే శక్తి రెట్టింపు కావాలని సూత్రం చెబుతుంది గాని, ట్రాన్స్‌ఫార్మరు చిన్నదైతే వోల్టేజీ కుంగిపోయి ఆ రెట్టింపు కాగితం మీదే మిగిలిపోతుంది. 8 ఓమ్‌లని రాసి ఉన్న స్పీకరు కూడా కొన్ని స్వరాల దగ్గర 4 ఓమ్‌లకు, ఒక్కోసారి అంతకన్నా కిందికి దిగుతుంది. మృదంగంలో తొప్పి మీద పడిన దెబ్బ ముద్దగా కాక గుమ్మని, దాని వెనుక ఖాళీతో సహా వినిపించాలంటే ఆ క్షణంలో కరెంటు తడుముకోకుండా అందాలి. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు, కరెంటును నిలవ ఉంచే డబ్బాలంతేసి కెపాసిటర్లు, వేడిని బయటికి పంపే బరువైన హీట్‌సింకులు అందుకోసమే పెట్టారు.

అలాగని బరువే కొలబద్ద అనుకోకూడదు. ఇంగ్లండులో క్వాడ్ సంస్థ స్థాపకుడు పీటర్ వాకర్ 1975లో తెచ్చిన క్వాడ్ 405లో, నాణ్యత చూసుకునే చిన్న యాంప్లిఫైయరు ఒకటి, బరువు మోసే పెద్ద ట్రాన్సిస్టర్లు వేరుగా ఉంటాయి. ఆ ఏర్పాటును ఆయన ‘కరెంట్ డంపింగ్’ అన్నారు. చిన్నపాటి పెట్టెలో చానెల్‌కు 100 వాట్లు నిజంగా వచ్చాయి. వేర్వేరు దారుల్లో వెళ్ళినా, అంకె విషయంలో ఇద్దరూ మాట తప్పలేదు.

ఈ నిజాయతీ అంతా తయారీదారుల మంచితనం వల్లే వచ్చిందనుకుంటే పొరపాటు. అంతకు ముందు అమెరికాలోనూ ‘మ్యూజిక్ పవర్’, ‘పీక్ పవర్’ అంటూ ఎవరికి తోచిన వాట్లు వారు రాసుకునేవారు. ఇళ్ళలో వాడే యాంప్లిఫైయర్ల కోసం అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అనే ప్రభుత్వ సంస్థ 1974లో ప్రత్యేకంగా ఒక నిబంధన తెచ్చింది. ఎన్ని ఓమ్‌ల దగ్గర, ఏ ఫ్రీక్వెన్సీ నుంచి ఏ ఫ్రీక్వెన్సీ వరకు, ఎంత డిస్టార్షన్‌తో (అంటే శబ్దంలో ఎంత వికృతితో), ఆగకుండా ఎన్ని వాట్లు ఇస్తుందో చెప్పి తీరాలన్నది. కొలతకు ముందు యంత్రాన్ని ఆ శక్తిలో మూడో వంతు దగ్గర గంటసేపు నడపాలన్నది. మామూలు యాంప్లిఫైయర్లలో ట్రాన్సిస్టర్లు విపరీతంగా వేడెక్కేది దాదాపు అక్కడే గనుక కంపెనీలు గొణిగాయి గాని, హీట్‌సింకులు పెంచక తప్పలేదు. 1976లో వచ్చిన పయనీర్ ఎస్ఎక్స్-1250 వివరాల్లో ‘చానెల్‌కు 160 వాట్లు, 8 ఓమ్‌లు, 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు, రెండు చానెళ్ళూ కలిసి నడిచినప్పుడు, డిస్టార్షన్ 0.1 శాతం మించకుండా’ అనే పొడవాటి వాక్యం ఉండటానికి కారణం ఈ నిబంధనే. అదే కమిషన్ 2024లో దానిని మళ్ళీ సవరించి, 8 ఓమ్‌ల లోడును, 20 నుంచి 20,000 హెర్ట్జ్ పరిధిని అందరికీ ఒకే కొలతగా ఖాయం చేసింది.

మన దగ్గర 1990లలో టేప్ రికార్డర్ల మీద అంటించిన పీఎంపీఓ (పీక్ మ్యూజిక్ పవర్ అవుట్‌పుట్) స్టిక్కర్లు చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఆ లెక్కకు అందరూ ఒప్పుకున్న కొలత పద్ధతే లేదు. పేరు మారినా ఆ ధోరణి పోలేదు. కొనేవారు ఒక పని చేయవచ్చు: పెట్టె ముందున్న వాట్లను వదిలి, వెనుక పలక మీదో, అడాప్టరు మీదో ఉన్న అంకెలను చూడాలి. గోడ నుంచి 60 వాట్లు తీసుకునే యంత్రం కెపాసిటర్లలో నిలవ ఉన్న శక్తితో ఒక్క క్షణం పుంజుకోగలదేమో గాని, వెయ్యి వాట్లను నిలకడగా ఇవ్వడం ప్రకృతిలో జరగదు.

పాత యంత్రాల గురించి కూడా కొంత చెప్పాలి. గల్ఫ్ నుంచి తిరిగివచ్చినవారి ద్వారా కరీంనగర్, నిజామాబాద్, కోనసీమ, కడప ప్రాంతాల ఇళ్ళకు చేరిన జపాన్ సెట్లు నేడు ట్రాన్స్‌ఫార్మరులోని రాగి కోసం, హీట్‌సింకుల అల్యూమినియం కోసం కిలోల లెక్కన తూకానికి పోతున్నాయి. విడి భాగాలతో కట్టినవి గనుక, సర్వీస్ మాన్యువల్ ముందు పెట్టుకుంటే వాటిలో చాలావాటిని బాగుచేయవచ్చు. ఏళ్ళుగా మూలన పడి ఉన్నదాన్ని మాత్రం నేరుగా ప్లగ్గులో పెట్టకూడదు. కెపాసిటర్లలోని ద్రవం ఎండిపోయి ఉండవచ్చు. మొదట సిరీస్ బల్బు మీద, అంటే కరెంటు దారిలో ఒక బల్బును కలిపి, పెట్టి చూడటమే క్షేమం. జపాన్ దేశీయ మోడళ్ళు 100 వోల్టులకు, అమెరికావి 120 వోల్టులకు చేసినవి గనుక మన 230 వోల్టుల సరఫరాకు సరిపడే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు తప్పనిసరి. కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట్ల విడి భాగాలు దొరుకుతాయి గాని, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో అసలు కంపెనీల పేరు ముద్రించిన నకిలీలు దేశమంతటా ఉన్నాయి. అవి చిన్న శబ్దానికి బాగానే మోగి, గట్టిగా పెట్టిన రోజు కాలిపోతాయి. ఇక పాతదైనంత మాత్రాన గొప్పదని చెప్పి లక్షలు అడిగేవారిని నమ్మనవసరం లేదు. ట్రాన్సిస్టర్లను అతివేగంగా ఆన్-ఆఫ్ చేస్తూ పనిచేసే నేటి క్లాస్-డి యాంప్లిఫైయరు శ్రద్ధగా చేసినదైతే అంతకన్నా తక్కువ కరెంటుతో, తక్కువ వేడితో అంతే నిజమైన వాట్లు ఇస్తుంది.

మన దేశంలో ఎలక్ట్రానిక్ వస్తువులకున్న తప్పనిసరి రిజిస్ట్రేషన్ ప్రధానంగా భద్రతను చూస్తుంది. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై చర్యకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. కాని వాట్లను ఎలా కొలవాలో నిర్ణయించనంతకాలం ఆ అంకె అబద్ధమని వినియోగదారుడు నిరూపించడం కష్టం. కాబట్టి ఇళ్ళకు అమ్మే ప్రతి యాంప్లిఫైయరు, సౌండ్ బార్, హోమ్ థియేటర్ పెట్టె మీద నిరంతర శక్తి, లోడు ఓమ్‌లు, ఫ్రీక్వెన్సీ పరిధి, డిస్టార్షన్, ఒకేసారి నడిపిన చానెళ్ళ సంఖ్య తప్పక ముద్రించేలా కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ, బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ కలిసి నిబంధన తేవాలని, ప్రకటనల్లో పీఎంపీఓ అంకెలను నిషేధించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
హైదరాబాద్