ఆ పచ్చ టిక్కు ఎవరు పెట్టారో తెలుసా? కేంద్ర ఐటీ మంత్రి గారికి బహిరంగ లేఖ

కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేనొక మండల కేంద్రంలో, బస్టాండు ఎదురుగా నెట్ సెంటర్ నడుపుతున్నాను. ఆధార్, ఆదాయ సర్టిఫికెట్, వన్-బీ, హాల్ టికెట్, ఏదైనా సరే నా దగ్గరికి పీడీఎఫ్‌గానే వస్తుంది, కాగితమై వెళ్తుంది. అందుకే ఈ విషయం మీకు చెప్పాల్సిన బాధ్యత నాకుందనిపించి రాస్తున్నాను.

అడ్మిషన్ల రోజుల్లో ఒక రైతు టెన్షన్‌గా వచ్చాడు. కూతురి ఆధార్ ప్రింట్ కాలేజీలో ఇస్తే, అందులోని డిజిటల్ సంతకం (కాగితం ఎవరిచ్చారో, తర్వాత మార్చారో లేదో తేల్చే కంప్యూటర్ ముద్ర) మీద పసుపు రంగు ప్రశ్న గుర్తు ఉందని, పచ్చ టిక్కు ఉంటేనే తీసుకుంటామని తిప్పి పంపారట. "ఆ గుర్తు పోయేలా చెయ్యి బాబూ, సాయంత్రంతో టైం అయిపోతుంది" అన్నాడు. ఫైలు తెరిచాను. సంతకం మీద రైట్ క్లిక్ కొట్టి, లోపలికి వెళ్ళి, ఆ సంతకం ఎవరిదో చెప్పే డిజిటల్ సర్టిఫికెట్‌ను నమ్మదగినవాటి జాబితాలో చేర్చి, రెండు మూడు సార్లు ఓకే నొక్కాను. పచ్చ టిక్కు వచ్చింది. ప్రింట్ తీసిచ్చాను. ఆయన దండం పెట్టి పరుగున వెళ్ళాడు.

షాపు మూసే వేళకు గానీ నాకు తట్టలేదు. ఆ సంతకం అసలైనదని తేల్చింది ఎవరు? నేనే. ఎవరైనా ఇంట్లో కూర్చుని సొంతంగా తయారుచేసుకున్న సర్టిఫికెట్‌తో సంతకం పెట్టిన కాగితం తెచ్చినా, నేను అవే క్లిక్కులు నొక్కితే నా కంప్యూటర్‌లో అలాంటి పచ్చ టిక్కే వస్తుంది. పైగా కాగితం మీదికి వచ్చాక పీడీఎఫ్‌లోని ఆ డిజిటల్ సంతకం ఉండదు, సిరా మాత్రమే ఉంటుంది. 2000 నాటి ఐటీ చట్టం డిజిటల్ సంతకానికి చేతి సంతకంతో సమానమైన విలువ ఇచ్చింది. ఆ విలువను మేం ప్రింటర్ దగ్గర పోగొడుతున్నాం.

అప్పటి నుంచి దీని గురించి చదవడం మొదలుపెట్టాను. 2019 ఫిబ్రవరిలో జర్మనీలోని బోహుమ్ రూర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు బయటపెట్టిన సంగతి చదివి భయమేసింది. వాళ్ళు పరీక్షించిన 22 పీడీఎఫ్ రీడర్లలో, అంటే పీడీఎఫ్ ఫైళ్ళు తెరిచే ప్రోగ్రాముల్లో, 21 మోసపోయాయి. సంతకమైన కాగితంలో విషయం మార్చేసినా ఆ రీడర్లు సంతకం సరైనదేనని చూపించాయి. ఆన్‌లైన్‌లో సంతకాలు సరిచూసే సేవలు 7 పరీక్షిస్తే 5 అలాగే పడిపోయాయి. అమెజాన్ సంతకంతో వచ్చిన ఒక పత్రాన్ని, తమకు లక్ష కోట్ల డాలర్లు తిరిగి రావాలన్నట్టు మార్చి చూపించారు.

ఇది ఎలా జరుగుతుందో మన దస్తావేజులతో పోల్చి చెప్తాను. రిజిస్ట్రేషన్ అయిన దస్తావేజు చివర ఎవరో ఇంకో పేజీ కుట్టారనుకోండి. పాత పేజీల మీద ముద్రలు చెక్కుచెదరకుండానే ఉంటాయి. చూసేవాడు ముద్రలు చూసి సరే అంటాడు గానీ పేజీలు లెక్కపెట్టడు. పీడీఎఫ్‌లో కూడా పాత భాగాన్ని ముట్టుకోకుండా చివర కొత్త సమాచారం కలపవచ్చు, ఆ ఫార్మాట్‌లోనే అందుకు వీలుంది. సంతకం ఫైలులో ఎక్కడి నుంచి ఎక్కడి దాకా వర్తిస్తుందో ఫైలులోనే రాసి ఉంటుంది. దాని తర్వాత ఏం చేరిందో రీడర్ గట్టిగా చూడాలి. చాలా రీడర్లు చూడలేదు. కొన్నిటిలోనైతే ఆ హద్దులు రాసిన చోటే చెడగొడితే, సరిచూడటం మానేసి బాగానే ఉందన్నాయి. 2020లో అదే బృందం ఇంకో పద్ధతి చూపించింది. సంతకం పెట్టే అధికారికి ఒక విషయం కనిపిస్తుంది, పెట్టాక దాని కింద దాచిన ఇంకో విషయం పైకి వస్తుంది. అప్పుడు పరీక్షించిన రీడర్లలో సగానికి పైగా దానికీ దొరికిపోయాయి.

పరిశోధకులు ముందుగా కంపెనీలకు చెప్పారు, చాలా కంపెనీలు సరిచేశాయి కూడా. కానీ ఆ మరమ్మతు అప్‌డేట్ చేసిన కంప్యూటర్‌కే చేరుతుంది. అడోబ్ రీడర్ 11కి కంపెనీ 2017 అక్టోబరులోనే మద్దతు ఆపేసింది, అంటే ఆ తర్వాత బయటపడిన లోపాలకు అందులో మందు లేదు. నా షాపులోనే ఒక కంప్యూటర్‌లో అది చాలా ఏళ్ళు నడిచింది. అప్‌డేట్ అడిగిన ప్రతిసారీ, గిరాకీ ఉందని, నెట్ నెమ్మదని పక్కకు నెట్టేశాను. అందుకు ఇప్పుడు బాధపడుతున్నాను. నన్ను ఎవరూ హెచ్చరించలేదు కూడా. ఐటీ చట్టం 70బి సెక్షన్ కింద హెచ్చరికలు ఇచ్చే బాధ్యత కంప్యూటర్ల భద్రత చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్‌కు ఉంది. సాఫ్ట్‌వేర్ లోపాల మీద వాళ్ళిచ్చే సూచనలు ఇంగ్లీషులో, వెర్షన్ నంబర్లతో ఉంటాయి. నా దగ్గర పనిచేసే ఇంటర్ చదివిన కుర్రాడికి అవి అందవు, అందినా అర్థం కావు.

అయ్యా, ప్రింట్ మీద టిక్కు చూసి కాగితం తీసుకునే పద్ధతి ఆపించండి. ఆధార్ మీదున్న క్యూఆర్ కోడ్‌లోనే డిజిటల్ సంతకం ఉంది. కాగితం తీసుకునే కౌంటర్‌లో దాన్ని అధికారిక యాప్‌తో స్కాన్ చేస్తే రైతు నా షాపు చుట్టూ తిరగాల్సిన పని లేదు. మిగతా సర్టిఫికెట్లు డిజిలాకర్ నుంచో, ఇచ్చిన శాఖ నుంచో నేరుగా సరిచూసుకోమనండి. మన దేశపు డిజిటల్ సంతకాలకు ఆధారమైన మూల సర్టిఫికెట్ ప్రతి పీడీఎఫ్ రీడర్‌లోనూ ముందే ఉండేలా ఆ కంపెనీలతో మీరే మాట్లాడాలి, నమ్మకం ఎవరి మీద పెట్టాలో నాలాంటి షాపువాడు నిర్ణయించకూడదు. సెర్ట్-ఇన్ సూచనల్లో జనం రోజూ వాడే సాఫ్ట్‌వేర్‌కు సంబంధించినవైనా తెలుగులో, ఏం నొక్కాలో చెప్తూ, నాలుగు వాక్యాల్లో ఇప్పించండి. నా షాపు గోడకు అంటిస్తాను, పక్క షాపులకూ నేనే పంచుతాను.

వచ్చే అడ్మిషన్ల లోపు కనీసం క్యూఆర్ కోడ్ స్కాన్ చేసే తీసుకోవాలన్న ఉత్తర్వు ఒక్కటైనా ప్రతి కాలేజీకీ, ప్రతి కార్యాలయానికీ చేరేలా చూడమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక నెట్ సెంటర్ నిర్వాహకుడు